ఇంట్లో నడిచే మిషన్ కొనాలా? కొనే ముందు కుటుంబం చూసుకోవలసినవి

రోగిని ఇంటికి పంపే రోజున మందుల చీటీ వివరిస్తాం. తిరిగి ఎప్పుడు చూపించుకోవాలో తారీఖు వ్రాసి ఇస్తాం. చివరగా "రోజూ తప్పకుండా నడవాలండీ" అని చెబుతాం. రోగి తల ఊపుతారు. ప్రక్కన నిలబడిన కొడుకో, కూతురో, కోడలో మాత్రం ఆగి, "సిస్టర్, ఇంట్లోనే నడిచే మిషన్ కొనేస్తే మంచిది కదా? పదిహేను ఇరవై వేలలో వస్తోందట" అని అడుగుతారు. షుగర్ ఓ.పి.లోనూ, గుండె జబ్బుల వార్డులోనూ ఈ ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. విదేశాల్లో ఉన్న పిల్లలు అక్కడి నుండే ఆర్డరు పెట్టి, పెట్టె ఇంటికి చేరిన తరువాత "ఇప్పుడు ఎలా నడవాలో అడగండి" అని తల్లిదండ్రులను మా దగ్గరకు పంపించడం కూడా జరుగుతోంది.

ఈ ప్రశ్న ప్రేమతో అడిగేదే. నాన్నగారికి మళ్ళీ గుండెపోటు రాకూడదు, అమ్మ కాలికి పుండు పడకూడదు అనే భయం అందులో ఉంటుంది. అందుకే "కొనండి" అనో "వద్దు" అనో ఒక్క మాటలో చెప్పి పంపడం మాకు ఇష్టం ఉండదు. అదే మిషన్ ఒక ఇంట్లో మందులాగా పనిచేస్తుంది. మరొక ఇంట్లో రెండు నెలలకే తడి బట్టలు ఆరేసుకునే దండెం అవుతుంది. ఇంకొక ఇంట్లో పెద్దాయనను పడవేసి మణికట్టు విరగ్గొడుతుంది. మీ ఇంట్లో ఏది జరగబోతుందో డబ్బు కట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు నడక సంగతి

షుగరును, బి.పి.ని అదుపులోకి తెచ్చేది నడక. మట్టి రోడ్డు మీద నడిచినా, డాబా మీద నడిచినా, బెల్టు మీద నడిచినా కండరం చేసే పని ఒకటే. కదిలే కండరం రక్తంలోని చక్కెరను తనలోకి తీసుకుని వాడుకుంటుంది. భోజనం అయిన కాసేపటికి పది పదిహేను నిమిషాలు నడిచినవారికి, తిన్న తరువాత చూసే షుగరు అంతగా పెరగకపోవడానికి ఇదే కారణం.

మన పొరుగున చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు ఒక అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రచురించారు. షుగర్ వ్యాధి అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. వారిలో ఒక జట్టుకు తిండిలో మార్పులు, రోజుకు కనీసం 30 నిమిషాల చురుకైన నడక చెప్పారు. మామూలు సలహా మాత్రమే అందుకున్నవారితో పోలిస్తే వీరిలో షుగర్ వ్యాధి రావడం సుమారు 28 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడిన జట్టుకు కలిగిన లాభం కూడా దాదాపు అంతే. అంటే తిండి, నడక కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయన్నమాట.

ఎంత నడవాలి? పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు నడిస్తే 150 నిమిషాలు అవుతాయి. ఒకేసారి అరగంట నడవనక్కరలేదు. మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిచినా లెక్కకు వస్తుంది. ఇక "పది వేల అడుగులు" అనే మాట మీ ఫోనులో చూసే ఉంటారు. అది ఏ వైద్యుడూ వ్రాసిన మోతాదు కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరు అది. ఆ అంకె చేరలేదని అరవై ఐదేళ్ళ మనిషిని రాత్రి పదింటికి హాల్లో తిప్పనవసరం లేదు.

మధ్యరకం శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి గడియారం కూడా అక్కరలేదు. నడుస్తున్న మనిషి మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. పాట పాడగలిగితే నడక నెమ్మది. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే నడక ఎక్కువైంది. గుండె రోగుల్లో చాలామంది మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడుతుంటారు. ఆ మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు. మిషన్ తెర మీద కనిపించే నాడి అంకెను చూసి "ఇంకా తక్కువే ఉంది, ఇంకా వేగంగా నడవండి" అని వారిని తొందరపెట్టకండి. వారికి మాటే కొలత.

"ఆసుపత్రిలో ఎక్కించారు కదా"

టి.ఎం.టి. పరీక్ష చేయించుకున్నవారి కుటుంబం ఈ మాట అంటుంది. "డాక్టరుగారే మిషన్ మీద నడిపించారు, ఇంట్లో నడిస్తే ఏమిటి?" అని. ఆ పరీక్ష ఉద్దేశం వేరు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రచురించిన పద్ధతిలో, గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో ఎత్తు మీద మొదలుపెట్టి, ప్రతి మూడు నిమిషాలకు వేగాన్నీ ఎత్తునూ పెంచుతూ పోతారు. గుండెకు కావాలని శ్రమ కలిగించి, ఆ శ్రమలో రక్తం సరిపోతోందా లేదా అని ఇ.సి.జి.లో చూస్తారు. ఛాతీ మీద తీగలు ఉంటాయి, ప్రక్కన డాక్టరు ఉంటారు, అవసరమైతే గుండెకు షాక్ ఇచ్చే పరికరం గదిలోనే ఉంటుంది. ఇంట్లో ఇవేవీ ఉండవు. పరీక్షలో పాస్ అయ్యారు కాబట్టి ఇంట్లో అదే వేగంతో నడవవచ్చు అనుకోవడం సరికాదు. ఇంటి దగ్గర ఎంత వేగం, ఎంతసేపు అన్నది ఆ రిపోర్టు చూసి డాక్టరుగారు చెప్పాలి. అడిగి చీటీ మీద వ్రాయించుకోండి.

కదిలే బెల్టు ఎవరికి పనికిరాదు

ఈ భాగం రెండుసార్లు చదవండి. నేల మీద నడిచేటప్పుడు అలసట వస్తే కాలు తనంతట తానే ఆగుతుంది. బెల్టు మీద అలా కాదు. కాలు ఆగినా బెల్టు ఆగదు. ఒక్క అడుగు ఆలస్యమైతే మనిషిని వెనక్కు లాక్కుపోతుంది. కాబట్టి పాదానికి స్పర్శ, కంటికి చూపు, ఒంటికి నిలకడ ఈ మూడూ ఉన్నవారికే ఇది తగినది.

షుగర్ రోగులలో మొదట చూడవలసింది పాదం. అరికాళ్ళు మొద్దుబారి, దూది మీద నడిచినట్లు ఉందని చెప్పేవారికి చెప్పు జారిపోయినా తెలియదు. వేళ్ళు బెల్టుకు ఒరుసుకుని బొబ్బ లేచినా తెలియదు. సాయంత్రం కాలు కడుక్కునేటప్పుడు ఇంట్లోవాళ్ళు చూస్తేగాని బయటపడదు. ఆ చిన్న బొబ్బే పుండు అవుతుంది. మా డ్రెస్సింగ్ గదికి వచ్చే కాలి పుండ్లలో చాలా వాటికి మొదలు ఇలాంటి చిన్న రాపిడే. మీ ఇంటి రోగికి స్పర్శ ఉందో లేదో ఓ.పి.లో సన్నని నైలాన్ పోగుతో అరికాలి మీద నొక్కి చూస్తాం. నొప్పి ఉండదు, అయిదు నిమిషాల పని. ఆ పరీక్ష కాకుండా షుగర్ రోగికి మిషన్ కొనవద్దు. స్పర్శ తగ్గిందని తేలితే మిషన్ డబ్బులో కొంత భాగం పెట్టి మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులో, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండే బూట్లో కొనండి. ఇప్పటికే పుండు ఉంటే, అది మానేవరకు ఆ కాలి మీద నడక వ్యాయామమే వద్దు. కుర్చీలో కూర్చుని చేతులతో, తొడలతో చేసే వ్యాయామం ఫిజియోథెరపీ విభాగంలో నేర్పిస్తారు.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి నడకలో షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం మొదలవుతాయి. నేల మీద అయితే అరుగు మీద కూర్చుంటారు. బెల్టు మీద అయితే పడతారు. నడకకు ముందు గ్లూకోమీటరులో 100 కంటే తక్కువ ఉంటే రెండు బిస్కెట్లో, ఒక పండో తిని కాసేపు ఆగాలి. 70 కంటే తక్కువైతే ఆ పూట నడక లేదు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. పరగడుపున ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ చేయకుండా మిషన్ ఎక్కే అలవాటు కొంతమందికి ఉంది. అది మాన్పించండి.

పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడ్చి నడిచేవారు, పార్కిన్‌సన్ జబ్బు ఉన్నవారు, గడచిన ఏడాదిలో కారణం లేకుండా ఒకటి రెండుసార్లు పడినవారు, కంటిలో శుక్లం ముదిరి మెట్టు కనబడనివారు, మంచం మీద నుండి లేవగానే కళ్ళు తిరిగేవారు మిషన్ జోలికి పోకూడదు. వీరికి నేల మీద, మనిషి ప్రక్కన నడిచే నడకే క్షేమం.

బైపాస్ ఆపరేషన్ అయినవారి రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒళ్ళు లాక్కుంటూ నడవడం మంచిది కాదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవారు కూడా మొదటి వారాల్లో చదునైన నేల మీదే నడవాలి. కూర్చున్నప్పుడే బి.పి. 180/110 దాటి ఉంటే ముందు మందు సరిచేయించాలి, తరువాతే వ్యాయామం.

మోకాళ్ళ నొప్పుల గురించి ఎక్కువమంది అడుగుతారు. మోకాలి కీలు అరిగినవారికి నడక మంచిదే. బెల్టు క్రింద మెత్తదనం ఉంటే సిమెంటు నేలకంటే హాయిగా కూడా అనిపించవచ్చు. అయితే ఎత్తు పెట్టకూడదు, పరుగు వద్దు. నడిచిన తరువాత రెండు గంటలు గడిచినా నొప్పి నిలిచి ఉంటే మరునాడు సమయం తగ్గించాలి.

కొనే ముందు ఒక నోటు పుస్తకం

పైన చెప్పిన అడ్డంకులు ఏవీ లేవనుకోండి. అప్పుడు కూడా వెంటనే దుకాణానికి వెళ్ళకండి. ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. ఆరు వారాలు రోగి నేల మీద నడవాలి. డాబా మీద గాని, కాలువ గట్టు మీద గాని, బడి మైదానంలో గాని, ఇంటి ముందు వీధిలో గాని. ప్రతి రోజూ తారీఖు, ఎన్ని నిమిషాలు, ఎవరు తోడు వెళ్ళారు అని వ్రాయండి. నడవని రోజున ఎందుకు నడవలేదో నిజం వ్రాయండి. మా మనవడో మనవరాలో వ్రాస్తే మరీ మంచిది. పిల్లలు తాతగారి మొహం చూసి దాచరు.

ఆరు వారాల తరువాత ఆ "ఎందుకు నడవలేదు" అనే మాటలను వరుసగా చదవండి. "వాన", "వీధి కుక్కలు తరిమాయి", "తెల్లవారుజామున చీకటి, లారీలు", "ఏప్రిల్ ఎండ, ఆరింటికే వేడి", "ఇంట్లో మంచాన ఉన్న అత్తగారిని వదిలి వెళ్ళలేదు" ఇలా ఉంటే, మిషన్ ఈ అడ్డంకిని తీరుస్తుంది. అలా కాక "బద్ధకం", "సీరియల్ చూస్తూ ఉండిపోయారు", "పెళ్ళికి వెళ్ళారు", "రేపటి నుండి అన్నారు" అని ఉంటే, మిషన్ హాల్లో ఉన్నా అదే మాట వస్తుంది. వీధిలోకి వెళ్ళడానికి బద్ధకించిన మనిషి మిషన్ ఎక్కడానికి కూడా బద్ధకిస్తారు. పైగా తోడు నడిచే స్నేహితుడు, దారిలో పలకరింపులు కూడా పోతాయి. చాలామంది పెద్దవారిని రోజూ గుమ్మం దాటించేది ఆ పలకరింపులే.

మరొక మాట కూడా ఆ పుస్తకంలో కనబడవచ్చు. "ఏమీ బాగోలేదు", "ఎందుకులే" అని రోజుల తరబడి ఉంటే, నిద్ర, ఆకలి కూడా తగ్గితే అది బద్ధకం కాదు. గుండెపోటు తరువాత, పెద్ద ఆపరేషన్ తరువాత మనసు క్రుంగిపోవడం తరచుగా జరుగుతుంది. దానికి చికిత్స ఉంది. ఆ పేజీ డాక్టరుగారికి చూపించండి. ఆ మనిషికి కావలసింది మిషన్ కాదు.

లెక్క కూడా వేసుకోండి. 18 వేలు పెట్టి కొన్న మిషన్ మీద ఇరవై రోజులే నడిస్తే ఒక్కొక్క నడక 900 రూపాయలు పడినట్లు. రెండేళ్ళపాటు వారానికి అయిదు రోజులు నడిస్తే నడకకు 35 రూపాయలు కూడా పడదు. ధర తక్కువా ఎక్కువా అనేది దుకాణంలో అంటించిన చీటీలో లేదు, మీ నోటు పుస్తకంలో ఉంది. గ్లూకోమీటరు స్ట్రిప్పులకు, మూడు నెలల షుగరు పరీక్షకు, బూట్లకు డబ్బు సర్దలేని నెలలో వాయిదాల మీద మిషన్ తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాం.

మంచి కొనుగోలు అంటే

మా షుగర్ ఓ.పి.కి వచ్చే ఒక గృహిణి సంగతి చెబుతాను. వయసు యాభై రెండు. పక్షవాతంతో మంచాన ఉన్న అత్తగారిని చూసుకోవాలి. భర్త ఉదయం ఏడింటికి డ్యూటీకి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఆమె గుమ్మం దాటే వీలు లేదు. ముందు రెండు నెలలు ఇంటి నడవలోనే ఈ చివర నుండి ఆ చివరకు నడిచారు. పధ్నాలుగు అడుగులకు ఒకసారి వెనక్కు తిరగడం వలన నడుము నొప్పి వచ్చింది గాని, నడక మానలేదు. అప్పుడు కొన్నారు. మిషన్‌ను అత్తగారి మంచం కనబడేటట్లు పెట్టించారు. మూడు పూటలా తిన్న తరువాత పది నిమిషాలు నడుస్తారు. కోడలు ఎన్ని నిమిషాలు నడిచిందో పడుకున్న పెద్దావిడే గోడ గడియారం చూసి చెబుతారట. ఆమె విషయంలో మిషన్ వచ్చేనాటికే నడక అలవాటు ఉంది. మిషన్ దానికి చోటు ఇచ్చింది.

దీనికి భిన్నంగా, రిటైరైన ఒక పెద్దాయనకు దూరదేశంలో ఉన్న కుమారుడు ఆన్‌లైన్‌లో చదునైన చిన్న మిషన్ పంపించారు. బల్ల క్రింద పెట్టుకుని నడిచే రకం అది, పట్టుకోవడానికి కమ్మీలు లేవు. ఇంట్లో ఆయన, భార్య ఇద్దరే. మూడవ రోజున నడుస్తూ ఉండగా కరెంటు పోయింది. బెల్టు ఠక్కున ఆగింది, ఆయన ముందుకు తూలి చెయ్యి ఆనించారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నారు, ఆ ఆరు వారాలూ నడక కూడా పోయింది. కొడుకు పంపిన వస్తువు మంచిదే. ఆఫీసులో కూర్చునే ముప్పై ఏళ్ళవారి కోసం తయారైన వస్తువు అది.

తక్కువ ధరలో కొనేటప్పుడు

కమ్మీలు లేని మిషన్ రోగికి వద్దు. ఎంత చవకైనా, ఎంత చిన్నగా మడతపడినా వద్దు. రెండు ప్రక్కలా చేతికి అందేటట్లు గట్టి కమ్మీలు ఉండాలి. చొక్కాకు తగిలించుకునే తాడుతో కూడిన సేఫ్టీ కీ ఉండాలి. మనిషి వెనక్కు జరగగానే ఆ తాడు లాగబడి బెల్టు ఆగిపోతుంది. దుకాణంలో దానిని లాగి చూపించమని అడగండి.

మోటారు లేని రకం ఇంకా తక్కువకు వస్తుంది. "కరెంటు ఖర్చు లేదు" అని చెబుతారు. అందులో బెల్టును కాళ్ళతోనే నెట్టాలి, చేతులతో కమ్మీని తోస్తూ వంగి నడవాలి. గుండె రోగికి, మోకాళ్ళ నొప్పులవారికి అది పనికిరాదు.

మోటారు శక్తి విషయంలో ఒక కిటుకు ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 3 హెచ్.పి., 4 హెచ్.పి. అని వేస్తారు. అది క్షణకాలం ఇవ్వగల గరిష్ఠ శక్తి. మీరు అడగవలసింది నిరంతరంగా ఎంత ఇస్తుంది అని. నడకకు మాత్రమే అయితే నిరంతర శక్తి 1.5 నుండి 2 హెచ్.పి. చాలు. మిషన్ మోయగల బరువు, నడిచే మనిషి బరువు కంటే కనీసం 15, 20 కిలోలు ఎక్కువ ఉండాలి. 82 కిలోల మనిషికి 90 కిలోల మిషన్ తెస్తే మోటారు త్వరగా వేడెక్కి పాడవుతుంది. బెల్టు వెడల్పు కనీసం 40 సెంటీమీటర్లు ఉండాలి. నడుము ఊగే పెద్దవారికి అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది. మొదలయ్యే వేగం గంటకు 1 కిలోమీటరు గాని అంతకంటే తక్కువ గాని ఉండాలి. గరిష్ఠ వేగం 10 అయినా 14 అయినా మీకు అవసరం లేదు, దానికి డబ్బు పెట్టకండి. తెర మీద బొమ్మలు, పాటలు, బ్లూటూత్ కూడా అంతే.

ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. 2 హెచ్.పి. మోటారు పూర్తి శక్తితో పనిచేస్తే 1,500 వాట్లకు దగ్గర పడుతుంది. ఫ్యాను పెట్టుకునే చిన్న ప్లగ్గులో అంత లోడు పెట్టకూడదు. గీజరుకు వాడే పెద్ద మూడు కాళ్ళ ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. ఇళ్ళలో ఉండే మామూలు చిన్న ఇన్వర్టరు దీనిని నడపలేదు. కాబట్టి కరెంటు కోతల వేళలు తెలిస్తే ఆ సమయంలో ఎక్కకండి. బిల్లు గురించి అంత భయం అక్కరలేదు. నెమ్మది నడకకు 600 వాట్లు తీసుకుంటుందనుకున్నా, రోజుకు అరగంట చొప్పున నెలకు 9 యూనిట్లు.

రోగిని, ఆయన రోజూ వేసుకునే బూట్లను దుకాణానికి తీసుకువెళ్ళి పది నిమిషాలు నడిపించి చూడండి. కాలు వేసినప్పుడు బెల్టు ఆగి ఆగి కదిలితే అది వద్దు. మీ ఊరికి మెకానిక్ వస్తాడా, ఎంత తీసుకుంటాడు, వారంటీ మోటారుకేనా బెల్టుకు కూడానా అని కాగితం మీద చూడండి. బెల్టు క్రింద అప్పుడప్పుడు సిలికాన్ నూనె వేయాలి. ఎంత కాలానికి అన్నది మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె వేసి బెల్టు పాడుచేసుకున్నవారు ఉన్నారు.

చిన్నపిల్లలున్న ఇల్లు

ఇది చిన్న విషయం కాదు. బెల్టు వెనుక రోలరు దగ్గర చిన్న వేళ్ళు ఇరుక్కుంటే చర్మం కాలినట్లు ఊడిపోతుంది. 2021 మే నెలలో అమెరికాలో పెలోటాన్ అనే కంపెనీ ట్రెడ్ ప్లస్ అనే మిషన్లను సుమారు లక్షా 25 వేలు వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఆ మిషన్ల వలన 70కి పైగా ప్రమాదాలు జరిగినట్లు ఫిర్యాదులు వచ్చాయి, ఆరేళ్ళ బిడ్డ ప్రాణం పోయింది. అవి లక్షల ఖరీదు చేసే మిషన్లు. ఖరీదు పెరిగితే ఈ ప్రమాదం తగ్గుతుందని అనుకోవద్దు.

మీ ఇంట్లో మనవలు పాకుతూనో, ఆడుకుంటూనో ఉంటే మిషన్ తలుపు వేసుకునే గదిలో ఉండాలి, హాల్లో కాదు. తాతగారు నడిచే సమయంలో పిల్లవాడు మరొకరి ఒడిలో ఉండాలి. నడక అయిన వెంటనే ప్లగ్గు తీసి, సేఫ్టీ కీని బీరువాలో పెట్టండి. మిషన్ వెనుక ఆరు అడుగుల ఖాళీ ఉంచండి. గోడ, మంచం కోడు, గాజు తలుపు ఉండకూడదు. వెనక్కు పడిన మనిషి గోడకు, కదిలే బెల్టుకు మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది.

బట్టల గురించి దుకాణంవాళ్ళు చెప్పరు. చీర కుచ్చిళ్ళు, పైట కొంగు, చున్నీ, లుంగీ అంచు, పొడవు నైటీ ఇవన్నీ బెల్టు అంచున చిక్కుకుంటాయి. ఇంట్లో పెద్దావిడ ఎన్నడూ చీర తప్ప కట్టలేదంటే ఆమెను బలవంతంగా మార్చాలని చూడకండి. ఆవిడ డాబా మీద నడుస్తారు. హవాయి చెప్పులతో గాని, వట్టి కాళ్ళతో గాని మిషన్ ఎక్కకూడదు.

మొదటి వారం

మొదటి రోజు అయిదు నిమిషాలు, గంటకు 1 నుండి 1.5 కిలోమీటర్ల వేగంతో. ప్రక్కన ఒక మనిషి నిలబడాలి. ఆగి ఉన్న బెల్టు అంచుల మీద కాళ్ళు పెట్టి, బెల్టు కదలడం మొదలైన తరువాత ఒక్కొక్క కాలు దించాలి. చూపు ఎదురుగా ఉండాలి, కాళ్ళ వైపు కాదు. వేళ్ళతో కమ్మీని తాకి ఉంచవచ్చు గాని, ఒంటి బరువంతా దాని మీద వేసి నడిస్తే శ్రమ సగం తగ్గిపోతుంది, తెర మీది అంకెలు మాత్రం పెరుగుతాయి. ఆ పట్టు లేకపోతే నిలబడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్లు, లేదా ఆ మనిషికి మిషన్ తగనట్లు. రెండు మూడు రోజులకు ఒకసారి రెండు నిమిషాలు పెంచండి. ముందు సమయం పెరగాలి, తరువాత వేగం.

ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపకండి. చివరి అయిదు నిమిషాలు వేగం తగ్గిస్తూ రావాలి. బి.పి. మందులు వాడేవారికి ఠక్కున ఆగితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. దిగిన తరువాత నేల కదులుతున్నట్లు కాసేపు అనిపించడం మామూలే. ప్రక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తరువాత బూట్లు విప్పి పాదాలు, వేళ్ళ సందులు చూడండి.

రోగి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కకూడదు. మాట వినబడేంత దూరంలో ఎవరో ఒకరు ఉండాలి, గది తలుపు గడియ వేసుకోకూడదు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో ప్రాకే నొప్పి, చల్లని చెమట, ఎప్పుడూ లేని ఆయాసం, గుండె దడ వస్తే ఆపి కూర్చోబెట్టండి. డాక్టరుగారు నాలుక క్రింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే చెప్పిన ప్రకారం పెట్టి, 108కి ఫోన్ చేయండి. "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా త్రాగించి తెల్లవారేవరకు ఆగవద్దు.

మిషన్ ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే, ఎక్కించే ముందు దాని ఫోటో ఒకటి, ప్రక్కన అంటించి ఉండే బరువు, శక్తి వివరాల చీటీ ఫోటో ఒకటి ఫోనులో తీసుకుని ఈసారి చెకప్‌కు తీసుకురండి. నడకకు వేసుకునే బూట్లు కూడా తెండి. పాదాల స్పర్శ పరీక్ష, లేచి నిలబడినప్పుడు చూసే బి.పి., వరండాలో ఆరు నిమిషాల నడక ఈ మూడూ ఓ.పి. రోజునే అయిపోతాయి. వచ్చేటప్పుడు పరగడుపున రావద్దు, టిఫిన్ చేసి, మందులు వేసుకుని రండి.